పెన్న ఒడ్డున తలలేని గోపురాలు



యాత్రకు వెళ్ళాలంటే మనం ఆడవాళ్ళం చేసే ఏర్పాట్లు ఇన్నీ అన్నీ కావు. పులిహోర మూట, మంచినీళ్ళ చెంబు, పిల్లలకు మారు గుడ్డలు, ముడుపు డబ్బులు, ఇంటి తాళంచెవి ఎవరికివ్వాలన్న ఆలోచన, అన్నీ చూసుకుంటాం. తీరా అక్కడికి వెళ్ళాక మనం చూసేదెంత? వరసలో రెండు గంటలు నిలబడి, స్వామిని రెండు క్షణాలు చూసి, బయటికొచ్చి గాజుల అంగట్లో అరగంట గడిపి, బస్సుకు పరుగెత్తుతాం. గుడి ఎట్లా ఉందమ్మా అని ఎవరైనా అడిగితే, "దర్శనం బాగా జరిగింది" అంటాం. గోడల మీద ఏముందో, గోపురం దేనితో కట్టారో మనకు పట్టదు.

నేనూ చాలాకాలం ఆ తరహా మనిషినే. ఆ అలవాటు మానిపించింది మా మేనత్త. అది జరిగింది తాడిపత్రిలో. ఈవేళ ఆ ఊరి సంగతి, అక్కడి రెండు గుళ్ళ సంగతి మీతో చెప్పుకుంటాను. వీలైతే మీరూ వెళ్ళి చూస్తారని నా ఆశ.

మాది చిత్తూరు జిల్లాలో కుప్పం పక్కనున్న గుడుపల్లె. కోలారు బంగారు గనులకు దగ్గర. ఇంట్లో తెలుగు, సంతలో తెలుగుతోబాటు కన్నడమూ అరవమూ వినబడే ప్రాంతం. మా వైపు ఏరు పాలారు. పేరుకు ఏరేగాని ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే. ఈ పాలారూ, తాడిపత్రిని ఆనుకుని పోయే పెన్నా రెండూ కర్ణాటకలోని నందికొండల ప్రాంతంలోనే పుట్టాయి. పాలారు దక్షిణంగా దిగి, మన కుప్పం సీమను ఒక ముప్పై కిలోమీటర్లపాటు తాకి అరవదేశం పోయింది. పెన్న ఉత్తరంగా నడిచి హిందూపురం దగ్గర మన రాష్ట్రంలోకి వచ్చి, అనంతపురం, కడప జిల్లాలు చుట్టి, మొత్తం సుమారు 600 కిలోమీటర్లు ప్రయాణం చేసి నెల్లూరు దాటాక సముద్రంలో కలిసింది. ఒకే పుట్టింటి ఆడపడుచులు చెరొక దేశం కోడళ్ళయినట్టు. కాబట్టి మా ఊరివాళ్ళకు పెన్న పరాయిది కాదని చెప్పి, మా మేనత్తను ప్రయాణం కట్టించాను.

అత్తకు డెబ్బై దాటాయి. మామ కోలారు గనుల్లో పనిచేసి, రొమ్ము పాడై పోయినాడు. ఆ గనులు కూడా 2001లో మూతబడ్డాయి. అత్త పడుచుతనంలో కుప్పం వైపు క్వారీల్లో రాళ్ళు మోసిన మనిషి. మా నాయన కూడా రాతిపని చేసినవాడే. రోళ్ళూ తిరగళ్ళూ మలిచేవాడు, అరిగినవాటికి కక్కు కొట్టేవాడు. ఆమెకు మోకాళ్ళ నొప్పులు. "గుడి చూసేదానికి అంత దూరమా పాపా? మన గంగమ్మ లేదా?" అని సణుగుతూనే బయలుదేరింది. నేనూ, మా వదినా, ఆమే ముగ్గురమే.

కుప్పంలో రైలెక్కి బెంగుళూరు చేరి, అక్కణ్ణించి హిందూపురం, ధర్మవరం మీదుగా అనంతపురం వెళ్ళాం. అనంతపురం నించి తాడిపత్రికి బస్సు. రైలులోనే వెళ్ళదలచినవాళ్ళు గుత్తిలో మారవచ్చు. గుత్తి నించి రేణిగుంటకు పోయే దారిలో తాడిపత్రి స్టేషను ఉంది.

ఊరు దగ్గరపడుతున్నకొద్దీ రోడ్డుకు రెండువైపులా నల్లటి పలకరాళ్ళు దొంతర్లుగా పేర్చి కనబడతాయి. మన వంటింటి గట్టుకు వేయించుకునే రాయి అదే. కొందరు తాడిపత్రి బండ అంటారు, కొందరు కడప బండ అంటారు. ఇప్పుడు వాటిని మిషన్ల మీద కోసి మెరుగు పెడుతున్నారు. మా అత్త బస్సు కిటికీలోంచి ఆ దొంతర్లు చూసి, "ఇది ఊరు కాదు, రాళ్ళ సంత" అంది.

తాడిపత్రిలో చూడవలసిన గుళ్ళు రెండు. ఒకటి పెన్న దక్షిణపు ఒడ్డున ఉన్న బుగ్గ రామలింగేశ్వరస్వామి గుడి. రెండోది ఊళ్ళో ఉన్న చింతల వేంకటరమణస్వామి గుడి. రెంటినీ కట్టించినవాళ్ళు పెమ్మసాని నాయకులు. వీరు విజయనగర రాజుల కింద గండికోటను ఏలిన వంశంవారు. రామలింగేశ్వరుడి గుడిని పెమ్మసాని రామలింగనాయుడు 1490, 1509 సంవత్సరాల మధ్య కట్టించాడని చెబుతారు. 1509 అంటే శ్రీకృష్ణదేవరాయలు సింహాసనం ఎక్కిన ఏడు. వేంకటరమణుడి గుడి ఆ వంశంలోనే తిమ్మానాయుడు తర్వాతి కాలంలో కట్టించాడు.

ముందుగా నది ఒడ్డుకే పోయాం. తెల్లవారి ఏడు గంటలయింది. నదిలో ఇసుక పరుపు మీద సన్నగా ఒక పాయ. గుడి పడమటి ముఖం. లోపల లింగం పానవట్టంలో ఎప్పుడూ నీళ్ళు ఊరుతూ ఉంటాయి. చిన్న ఊట, దాన్నే బుగ్గ అంటారు, స్వామికి ఆ పేరు అందుకే వచ్చింది. ఎండిన నది ఒడ్డున తడి ఆరని లింగం! అది చూస్తే ఎవరికైనా చేతులు జోడించబుద్ధవుతుంది. అదే ప్రాకారంలో అమ్మవారికీ, రాముడికీ కూడా గుళ్ళున్నాయి.

అత్త లోపల అంత సేపు నిలబడలేనంది. ఉత్తరపు గోపురం దగ్గర నీడలో కూర్చోబెట్టి మేమిద్దరం దర్శనానికి పోయాం.

ఇక్కడ కొంచెం ఆగి గోపురం సంగతి చెప్పాలి. మనం దూరం నించి చూసే గోపురం అంతా ఒకే వస్తువులా కనబడుతుంది గాని, దానికి రెండు భాగాలు. కింది భాగం రాయి. ద్వారబంధం, దాని పక్క గోడలు, పైన చూరులాగా వంగిన కపోతం దాకా రాతితోనే కడతారు. ఆపైన అంతస్తులు అంతస్తులుగా లేచేదంతా చాలాచోట్ల ఇటుక, సున్నం. దాని మీద గచ్చుతో బొమ్మలు చేసి రంగులు వేస్తారు. ఎందుకిట్లా చేశారంటే బరువు కోసం. ఏడంతస్తులూ రాతితో పేరిస్తే కింది ద్వారం మీద పడే భారం మోయలేనంత అవుతుంది. ఇటుక తేలిక, గచ్చు చేతికి లొంగుతుంది. అయితే ఇటుకా గచ్చూ వానకూ ఎండకూ త్వరగా చెడతాయి. కాబట్టి పై భాగానికి తరచు మరమ్మతు కావాలి. రాతి భాగం మాత్రం వందల ఏళ్ళు అట్లాగే నిలబడుతుంది.

రామలింగేశ్వరుడి గుడికి ఉత్తరాన, దక్షిణాన ఉన్న రెండు గోపురాలకూ ఈ పై భాగం లేదు. రాతి పని ముగిసినచోటే కట్టడం ఆగిపోయింది. ఊళ్ళోకి కొత్తగా వచ్చినవాళ్ళు "అయ్యో, గోపురం కూలిపోయిందే" అనుకుంటారు. కూలలేదు, లేవనేలేదు. చిత్రమేమిటంటే, తలలేని ఈ రెండు గోపురాలే తాడిపత్రి పేరును దేశాంతరాలకు తీసుకుపోయాయి. పైన రంగుల బొమ్మలుంటే మన కళ్ళు పైకే పోయేవి. అవి లేకపోబట్టి, కంటికి ఎదురుగా ఉన్న రాతిని చూస్తాం. సన్నని రేణువు గల గట్టి రాయి. దాని మీద బెత్తెడు జాగా కూడా వదలకుండా చెక్కారు. అడుగున జంతువుల వరసలు, లతలు. దాని మీద చిన్న చిన్న స్తంభాలు, వాటి మధ్య బుల్లి గుళ్ళలాంటి గూళ్ళు, గూళ్ళలో దేవతలు. ద్వారం రెండు పక్కలా మకరం మీద నిలబడి తీగ పట్టుకున్న స్త్రీమూర్తులు. అంచులు ఇప్పటికీ పదునుగా ఉన్నాయి.

ఈ పదునును చూసి మెచ్చుకున్నవాళ్ళలో జేమ్స్ ఫెర్గూసన్ అని ఒక స్కాట్లాండు దేశస్థుడు ఉన్నాడు. 1808లో పుట్టాడు. కలకత్తాలో నీలిమందు వ్యాపారం చేసి, ఆ వ్యాపారం కంటె మన దేశపు గుళ్ళూ గుహలూ ఎక్కువ ఇష్టమై, వాటిని తిరిగి చూసి బొమ్మలు గీసుకున్నాడు. 1876లో భారతదేశపు వాస్తువు మీద పెద్ద గ్రంథం అచ్చువేశాడు. అందులో ఈ తాడిపత్రి గోపురాల శిల్పాన్ని, ఈ శైలిలో కట్టిన తక్కినవాటి కంటె మిన్నగా ఎంచాడు. మన సీమలో ఉన్న గోడను మనకంటె ముందు అంత శ్రద్ధగా చూసినవాడు ఆయన అనుకుంటే కొంచెం సిగ్గేసింది. కాని ఆ రోజు నాకు నిజంగా చూడడం నేర్పింది ఆయన కాదు, మా అత్త.

మేం దర్శనం చేసుకుని వచ్చేసరికి ఆమె కూర్చున్నచోట లేదు. కర్ర పట్టుకుని గోడవెంట నెమ్మదిగా నడుస్తూ, కళ్ళు చికిలించి చూస్తోంది.

"ఏమత్తా, కాళ్ళు నొప్పి అంటివే?" అన్నాను.

"నొప్పి ఉంటే ఉండనీ. ఇట్రా పాపా. ఈ తీగ చూడు, ఈ పక్క తీగ చూడు. రెండూ ఒకడు కొట్టినవి కాదు."

నాకు రెండూ ఒకే మాదిరిగా కనబడ్డాయి.

"ఇక్కడ ఉలి లోతుగా దించినాడు. బిరుసు చెయ్యి, వయసులో ఉండేవాడు. అక్కడ చూడు, పైపైన తీసినాడు, ఆకు అంచు వంచినాడు. పెద్దోడు, ఓపిక ఉండేవాడు. ఈ బండకూ ఆ బండకూ నడిమి అతుకు చూసినావా? తీగ అతుకు మీదనే పోయింది, యాడా తెగలేదు. బండలు ఎత్తి పెట్టినాకనే కొట్టినారు ఇది."

"నీకెట్లా తెలుసు?"

"ఎట్లా తెలుసేంది? మీ నాయన కొట్టిన తిరగలి ఏదో, వేరేవాళ్ళు కొట్టింది ఏదో నేను చీకట్లో తడిమి చెప్తా. చెయ్యి దాగదు పాపా."

తర్వాత కొంతసేపు ఏమీ మాట్లాడలేదు. గుడి కట్టించిన నాయుడి పేరు మాకు తెలుసు, ఏ సంవత్సరాల మధ్యో తెలుసు. ఈ తీగ చెక్కినవాడి పేరు? మా మామ ముప్పై ఏళ్ళు భూమిలోపల రాయి తొలిచాడు. ఆయన తొలిచిన సొరంగం ఇప్పుడు మూసేసి ఉంది. అత్త అది అనుకుంటోందో లేదో నేను అడగలేదు. "వీళ్ళది నిలబడింది, మేలు" అని మాత్రం అంది.

అంతలో యాత్రికుల గుంపు ఒకటి వచ్చింది. అందులో ఒకావిడ ద్వారం పక్కనున్న స్త్రీమూర్తి మొహానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, మిగిలిన నూనె చేతిని గోడకు తుడిచింది. ఆవిడ భక్తిని నేను తప్పుపట్టను. మన గడపకు మనం పసుపు రాస్తాం, దేవతకు రాయమా? నేనూ ఎన్నో గుళ్ళలో రాశాను. అత్త మాత్రం నెమ్మదిగా, "అమ్మా, దాని కన్ను మూసేస్తివే, ముక్కూ మూసేస్తివే" అంది. ఆవిడ నవ్వి వెళ్ళిపోయింది.

ఈ మాటలో ఉన్న నిజం నాకు తర్వాత తెలిసివచ్చింది. రాతి మీద నూనె పడితే దుమ్మును పట్టుకుంటుంది. దాని మీద దీపం మసి, మళ్ళీ నూనె, మళ్ళీ దుమ్ము. మన ఇంట్లో పొయ్యి వెనకనున్న గోడకు పట్టే జిడ్డులాంటిదే. కొన్నాళ్ళకు కంటి గీత, పెదవి గీత, వేలి గోరు అన్నీ పూడిపోతాయి. అప్పుడు ఎవరో ఒకరు శుభ్రం చేస్తామని బయలుదేరి ఇనుప కుంచెలతో తోముతారు, లేదా మిషనుతో ఇసుక చిమ్ముతారు. జిడ్డుతోబాటు ఉలి తీసిన పదును కూడా పోతుంది. సున్నం కొట్టినా, రంగు పూసినా అంతే. అయిదు వందల ఏళ్ళ వానకూ ఎండకూ పోని అంచు ఒక్క మధ్యాహ్నంలో పోతుంది. ఈ రెండు గుళ్ళూ కేంద్ర పురావస్తుశాఖ రక్షణలో ఉన్నాయి. కాని ప్రతి గోడ దగ్గరా కాపలా మనిషిని నిలబెట్టడం ఏ శాఖకూ సాధ్యం కాదు కదా. వచ్చేపోయే చేతులు మనవి.

మధ్యాహ్నం ఊళ్ళోని చింతల వేంకటరమణుడి గుడికి వెళ్ళాం. చింతచెట్ల మధ్య స్వామి వెలిశాడు కాబట్టి ఆ పేరని అక్కడివారంటారు. ఇక్కడ గోపురానికి ఇటుక అంతస్తులు కూడా ఉన్నాయి. పొద్దున మొండి గోపురాలు చూసినవాళ్ళు ఇది చూస్తే, ఎక్కడ రాయి ఆగి ఎక్కడ ఇటుక మొదలయిందో వేలుపెట్టి చూపించగలరు. లోపల స్వామికి ఎదురుగా గరుత్మంతుడి మండపం ఉంది. దాన్ని రాతి రథంగా మలిచారు, చక్రాలతో సహా. హంపీలో విఠలస్వామి గుడి ముందున్న రాతి రథాన్ని బొమ్మల్లో చూసినవాళ్ళకు దీని సంగతి వెంటనే తెలుస్తుంది. గోడల మీద రామాయణ ఘట్టాలు వరసగా చెక్కారు. చదువురాని మా అత్త ఆ గోడవెంట నడుస్తూ కథ మాకు వినిపించింది. పుస్తకం లేని కాలంలో ఆ గోడే పుస్తకమని మా వదిన అంటే, "నాకిప్పుడూ అదే పుస్తకం" అని అత్త జవాబు.

గోపురాలు శాశ్వతమని మనం అనుకుంటాం. మన జిల్లావాళ్ళకు ఆ భ్రమ 2010లో పోయింది. స్వర్ణముఖి ఒడ్డున శ్రీకాళహస్తిలో కృష్ణదేవరాయలు 1516లో కట్టించిన గాలిగోపురం ఆ సంవత్సరం మే 26వ తేదీ రాత్రి కూలిపోయింది. అంతకుముందే పగుళ్ళు కనబడ్డాయి. దాదాపు అయిదు వందల ఏళ్ళు నిలిచింది, కూలడానికి నిమిషాలు పట్టింది. అదే చోట కొత్త గోపురం కట్టి 2017లో కుంభాభిషేకం చేశారు. కొత్తది బాగుంది, భక్తులకు లోటు లేదు. కాని పాతదాన్ని తయారుచేసిన చేతులు మళ్ళీ రావు.

అదే ఇంకోచోట ఏం జరిగిందో చెబుతాను. ఫెర్గూసన్ పుట్టిన ఊరి పేరు ఎయిర్. స్కాట్లాండు పడమటి తీరాన, అదే పేరుగల నది సముద్రంలో కలిసేచోట ఉంది. ఆ నది మీద నాలుగు కమానుల పాత రాతి వంతెన ఒకటి ఉంది. పదిహేనో శతాబ్దం నాటిది, అంటే మన రామలింగేశ్వరుడి గుడికి ఇంచుమించు ఈడుది. 1788లో పక్కనే కొత్త వంతెన కట్టారు. ఆ కొత్తది కట్టేటప్పుడే ఆ దేశపు కవి రాబర్ట్ బర్న్స్, పాత వంతెనా కొత్త వంతెనా వాదులాడుకున్నట్టు ఒక పద్యం రాశాడు. 1877లో వరద వచ్చి కొత్తది దెబ్బతిన్నది, దాన్ని తీసి మళ్ళీ కట్టుకోవలసి వచ్చింది. పాతది నిలిచింది. తర్వాత పాతదీ శిథిలమై, తీసేద్దామన్న మాట వచ్చింది. అప్పుడు జనం చందాలు వేసుకుని బాగుచేయించి, 1910లో తిరిగి తెరిచారు. ఇవాళ్టికీ దాని మీద జనం కాలినడకన నది దాటుతున్నారు. వాళ్ళు దాన్ని అద్దాల పెట్టెలో పెట్టలేదు. వాడుకుంటూనే కాపాడుకున్నారు. మన గుళ్ళు కూడా వాడుకలో ఉన్నవే. పూజ మానమని ఎవరూ అనరు. పూజ జరిగే చోటు వేరు, శిల్పం చూసే చోటు వేరు అని మనం తెలుసుకుంటే చాలు.

ఇక మీరు తాడిపత్రికి వెళ్ళినా, మరే పాత గుడికి వెళ్ళినా పనికొచ్చే నాలుగు మాటలు చెబుతాను.

పొద్దున్నేగాని, సాయంత్రంగాని వెళ్ళండి. ఎండ పక్కనించి ఏటవాలుగా పడితే ప్రతి గీతకూ నీడ ఏర్పడి బొమ్మ లేచి కనబడుతుంది. నడిమధ్యాహ్నం ఎండలో గోడ అంతా ఒకటే చదునుగా ఉంటుంది, కాళ్ళూ కాలతాయి.

ముందు దూరంగా నిలబడి మొత్తం చూడండి. తర్వాత ఒక్క మూల ఎంచుకుని దగ్గరికి వెళ్ళండి. అన్నీ చూడాలన్న ఆత్రం వద్దు. ఒక్క తీగను అది మొదలైనచోటు నించి ముగిసేచోటు దాకా కంటితో అనుసరిస్తే, పిల్లలు కూడా ఆటలాగా చూస్తారు.

పసుపూ కుంకుమా పూజారి చేతికివ్వండి. దీపం పెట్టమన్నచోటే పెట్టండి. కర్పూరం గోడవార వెలిగించకండి. రామలింగేశ్వరుడి గుడిలో తడితే స్వరాలు పలికే స్తంభాలున్నాయని చెబుతారు. రాయితోనో నాణెంతోనో కొట్టి చూడాలన్న సరదా మనకొక్కరికే కాదు, రోజూ వచ్చే వందలమందికీ ఉంటుంది. వినకపోతే మనకు పోయేదేమీ లేదు.

ముసలివాళ్ళను ఇంట్లో వదిలి వెళ్ళకండి. వాళ్ళు నడవలేరని మనమే తీర్మానిస్తాం. చేతిపని చేసి బతికినవాళ్ళు చేతిపనిలో మనకు కనబడనిది చూస్తారు. మగ్గం తెలిసిన అవ్వ శిల్పం కట్టుకున్న చీర కుచ్చిళ్ళ గురించి చెబుతుంది. కుండ తెలిసినావిడ కలశం ఒంపు గురించి చెబుతుంది.

సాయంత్రం బస్సు ఎక్కబోయే ముందు అత్త మళ్ళీ ఒకసారి నది ఒడ్డుకు పోదామంది. ఎండ పడమట దిగి, గోపురం రాయి తేనెరంగు తేలింది. పొద్దున పసుపు రాసిన బొమ్మ దగ్గరికి పోయి, పైటకొంగు చివర నీళ్ళలో తడిపి, మొహం మీది నూనెను మెల్లగా అద్ది తీసింది. రుద్దలేదు, పసిపిల్లకు పాలచారిక తుడిచినట్టు అద్దింది. కన్ను గీత కొంచెం తేలింది. అట్లా తుడవడం కూడా మన పని కాదనీ, ఆ శాఖవాళ్ళకు చెప్పాలనీ నేనన్నాను. "చెప్పు పోయి" అంది. గుడి ఆవరణలో ఉన్న ఉద్యోగికి చెప్పాం. ఆయన విని, రాసుకున్నాడు.

ఇంటికొచ్చిన మర్నాడు చూస్తే, అత్త పెరట్లో మూలపడేసిన మా నాయన చేసిన తిరగలి మీది గడ్డి తీసి, కడిగి, అరుగు మీద పెట్టింది. దాంతో విసిరే పని ఇప్పుడెవరికీ లేదు. అయినా అది అక్కడే ఉంది. మా ఇంటికొచ్చే పిల్లలకు ఆమె ఆ రాతి మీద గంట్లు చూపించి, ఇది మీ తాత చెయ్యి అని చెబుతూ ఉంటుంది.

మీ ఇంట్లో అలాంటి రాయి ఉంటే ఒకసారి తీసి చూడండి. ఆ తర్వాత మీ ఊరి గుడి గోడ దగ్గరికి వెళ్ళండి. సెలవు.